లారీ చక్రం, బ్రేకు, చైనా సరుకు

16 టన్నుల బరువుతో సాగిపోయే ఆరు చక్రాల లారీ నేలను తాకేది ఎంత మేర? ఒక్కొక్క చక్రం కింద ఒక మూసిన పుస్తకమంత. అంతకు మించి లేదు. టైరులోని గాలి ఒత్తిడిని బట్టి లెక్కవేస్తే ఒక్కొక్క చక్రానికి సుమారు 350 చదరపు సెంటీమీటర్ల రబ్బరు మాత్రమే ఏ క్షణాన చూసినా రోడ్డును అంటిపెట్టుకొని ఉంటుంది. సరుకు, దాని యజమాని పెట్టుబడి, డ్రైవరు ప్రాణం, ఎదురుగా వచ్చే బస్సులోని ప్రయాణికుల ప్రాణాలు, ఇవన్నీ ఆ ఆరు రబ్బరు ముక్కల మీద ఆధారపడి ఉంటాయి. మలుపు తిరగాలన్నా, వేగం పెంచాలన్నా, ఆగాలన్నా పని జరగవలసింది అక్కడే.

ఆగడం అనేది వీటన్నిటిలోకీ కష్టమైన పని. కదిలే వాహనంలో నిండి ఉండే గతిశక్తి ఎక్కడికీ పోదు; అది వేడిగా మారవలసిందే. బ్రేకు చేసే పని ఈ మార్పిడి తప్ప వేరొకటి కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే 16 టన్నుల లారీని నిలిపివేసినప్పుడు పుట్టే వేడితో ఆరున్నర లీటర్ల చల్లని నీటిని మరిగించవచ్చు. వేగం 80 కిలోమీటర్లయితే దాదాపు 12 లీటర్లు. వేగం పెరిగింది మూడోవంతే అయినా వేడి ఇంచుమించు రెండింతలకు చేరువ కావడం గమనార్హం. శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందన్న పాఠశాల సూత్రానికి రోడ్డు మీద ఉన్న అర్థం ఇదే.

చదునైన నేల మీద ఈ వేడి వెలువడేది ఆగిన ప్రతిసారి మాత్రమే. మధ్యలో చల్లబడేందుకు వ్యవధి దొరుకుతుంది. ఘాటు రోడ్డు సంగతి వేరు. నీలగిరులలో కూనూరు సముద్రమట్టానికి సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి తేయాకు లోడుతో దిగువనున్న మేట్టుపాళయానికి వచ్చే లారీ 1,500 మీటర్లు కిందికి దిగుతుంది. అదే 16 టన్నుల లారీ అయితే, ఆ దిగుటలో విడుదలయ్యే శక్తి 700 లీటర్ల నీటిని మరిగించగలదు. ఇందులో కొంత భాగాన్ని గాలి, నేల నిరోధాలు హరిస్తాయి. మిగిలినదాన్ని ఇంజను పంచుకోవాలి, లేదా బ్రేకులు మోయాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అని పాత డ్రైవర్లు కొత్తవారికి చెప్పే మాట వెనుక ఉన్న లెక్క ఇది. డీజిలు ఆదా చేద్దామని న్యూట్రల్‌లో దిగేవాడు ఆ మొత్తం భారాన్ని బ్రేకు లైనింగుల మీదికి నెట్టివేస్తున్నాడు. ఇక ఆ లైనింగు ఎటువంటిది అన్న ప్రశ్న ప్రాణాధారమైనది అవుతుంది.

లైనింగులో ఏముంటుంది?

చూడడానికి బ్రేకు లైనింగు ఒక నల్లని పెంకులాంటి వస్తువు. లారీలలో అది అర్ధచంద్రాకారపు ఇనుప షూకు రివిట్లతో బిగించబడి, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములోపలి గోడను ఒరుసుకొంటుంది. కార్లలో ముందు చక్రాలకు సాధారణంగా డ్రమ్ముకు బదులు డిస్కు, లైనింగుకు బదులు ప్యాడ్లు ఉంటాయి. కాని పదార్థం తయారయ్యే తీరు ఒకటే. అన్నిటినీ పట్టి ఉంచే ఒక రెసిన్, బలాన్నిచ్చే నారలు, ఘర్షణను నియంత్రించే గ్రాఫైటు, లోహపు పొడి, ఖనిజాలు మొదలైనవాటిని కలిపి, వేడిచేసి, ఒత్తిడితో అచ్చుపోస్తారు. వంట ఎంతటిదో ఈ మిశ్రమమూ అంతటిదే. దినుసులన్నీ అవే అయినా పాళ్ళు తప్పితే రుచి చెడినట్లు, ఇక్కడ పాళ్ళు తప్పితే పట్టు చెడుతుంది.

మంచి లైనింగు గుణం గట్టిగా పట్టుకోవడం ఒక్కటే కాదు. చల్లగా ఉన్నప్పుడు ఎంత పట్టు చూపిందో వేడెక్కిన తరువాత కూడా దానికి దగ్గరగా చూపాలి. నాసి రకపు లైనింగులో రెసిన్ త్వరగా మాడుతుంది. మాడినప్పుడు వెలువడే వాయువులు, జిడ్డు పదార్థాలు లైనింగుకూ డ్రమ్ముకూ మధ్య పొరలా ఏర్పడతాయి. పెడలు ఎంత తొక్కినా లారీ ఆగదు. చాలా ప్రమాదాల తరువాత డ్రైవర్లు ‘బ్రేకు ఫెయిలయింది’ అని చెప్పేదానిలో అధిక భాగం ఇదే కావచ్చును. యంత్రంలో ఏ భాగమూ విరగదు. పట్టు మాత్రం సడలిపోతుంది. గంట గడిచి చల్లారాక పరీక్షించినవారికి బ్రేకు బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. డ్రైవరు అబద్ధమాడుతున్నాడని అనుమానిస్తారు. ఈ అన్యాయం డ్రైవర్లకు కొత్త కాదు.

మరొక రకం లోపం దీనికి విరుద్ధమైనది. లైనింగు మరీ గట్టిదైతే తాను అరగదు, డ్రమ్మును అరగదీస్తుంది. కొన్నవాడు లైనింగు చాలా కాలం వచ్చిందని సంతోషిస్తాడు. అంతకు ఎన్నో రెట్లు విలువైన డ్రమ్ము గాళ్ళు పడి పాడైనప్పుడు ఆ రెండింటికీ గల సంబంధం అతనికి తోచదు.

ఒకప్పుడు ఈ మిశ్రమాలలో నారగా ఆస్బెస్టాస్ వాడేవారు. వేడికి అంతగా తట్టుకొనే చౌకయిన నార మరొకటి లేదు. కాని దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరుకు దారితీస్తుంది. డ్రమ్ము విప్పి, పేరుకొన్న పొడిని నోటితో ఊది శుభ్రం చేసే మెకానిక్కు అందరికంటె ముందుగా దీని బారిన పడతాడు. అందుచేత అనేక దేశాలు దీనిని నిషేధించాయి. ఆస్ట్రేలియాలో 2003 డిసెంబరు 31 నుండి నిషేధం అమలులో ఉన్నది. అయినా 2012లో అక్కడ అమ్ముడైన రెండు చైనా కంపెనీల వాహనాలలో ఇంజను, ఎగ్జాస్టు గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉన్నట్లు బయటపడి, సుమారు 23,000 వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. దిగుమతి చేసుకొన్నవారి వద్ద ఆస్బెస్టాస్ లేదన్న హామీ ఉండనే ఉన్నది. కాగితం మీది హామీని ప్రయోగశాలలో సరిచూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఉదంతం చాలు.

బ్రేకు నేరం, టైరుకు శిక్ష

టైరు వేరు, బ్రేకు వేరు అని విడివిడిగా ఆలోచించడం వాహన యజమానులలో సర్వసాధారణం. నిజానికి ఇవి ఒకదాని పాపం మరొకటి అనుభవించే జంట. షూ సరిగా వెనక్కి రాక డ్రమ్మును ఒరుసుకొంటూనే ఉంటే, ఆ వేడి డ్రమ్ము నుండి రిమ్ముకు, రిమ్ము నుండి టైరు అంచులోని ఉక్కు తీగల చుట్ట వరకు పాకుతుంది. అక్కడి రబ్బరు క్రమంగా పెళుసుబారుతుంది. ఒకనాటి మధ్యాహ్నం వేసవి ఎండలో టైరు పేలుతుంది. ‘చైనా టైరు, అందుకే పేలింది’ అని అందరూ తీర్మానిస్తారు. టైరు కంపెనీ ఏదైనా ఆ రిమ్ము మీద అది పేలి ఉండేదే. అలాగే బ్రేకు ఎంత మేలైనదైనా టైరు నున్నబడి ఉంటే చక్రం ఆగుతుంది గాని లారీ ఆగదు, జారుతుంది. పొడి రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుండి సుమారు 20 మీటర్లలో ఆగగల వాహనానికి, తడి వల్ల పట్టు సగానికి చేరువగా తగ్గితే 35 మీటర్లు కావాలి. డ్రైవరు కాలు పెడలు మీదికి చేరేందుకు పట్టే ఒక్క సెకనులో వాహనం సాగే దాదాపు 17 మీటర్లు ఈ లెక్కలో చేరలేదు.

పలుచని రబ్బరు పట్టీ కథ

టైరును కోసి చూసినవారు తక్కువ. పైకి ఒకే ముద్దగా కనిపించే ఆ వస్తువులో పది పదిహేను వేర్వేరు భాగాలుంటాయి. గాలిని నిలిపే లోపలి పొర, రేడియల్ లారీ టైరయితే విల్లువలె అంచునుండి అంచుకు సాగే ఉక్కు తీగల పొర, దానిపై వడ్డాణంలా చుట్టిన ఉక్కు పట్టాలు, ఆపైన రోడ్డును తాకే ట్రెడ్డు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రకం రబ్బరు మిశ్రమం. లారీ టైర్లలో సహజ రబ్బరు పాలు కార్ల టైర్లకంటె ఎక్కువ. పదే పదే వంగినప్పుడు అది తక్కువగా వేడెక్కడమే కారణం. ఉక్కు తీగకు ఇత్తడి పూత ఉంటుంది. ఆ పూతలోని రాగి రబ్బరులోని గంధకంతో కలిసినందువల్లనే ఇనుమూ రబ్బరూ ఒకదానినొకటి విడవకుండా ఉంటాయి. పచ్చి టైరును అచ్చులో పెట్టి ఆవిరి వేడితో ఉడికించాక లోపల ఏమున్నదో కంటితో తెలుసుకోవడం అసాధ్యం. నాణ్యత అనేది ఇక్కడ పూర్తిగా నమ్మకానికి సంబంధించిన విషయం.

ఆ నమ్మకం వమ్మయిన సంఘటన ఒకటి 2007లో అమెరికాలో జరిగింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక చిన్న దిగుమతి సంస్థ చైనాలోని హాంగ్‌ఝౌ నగరపు ఒక పెద్ద కర్మాగారం నుండి వ్యాన్లకు, తేలికపాటి ట్రక్కులకు పనికివచ్చే టైర్లను తెప్పించి అమ్మేది. ఉక్కు పట్టాల మధ్య, అవి ఒకదానినొకటి కోసుకోకుండా మిల్లీమీటరు కంటె పలుచని రబ్బరు పట్టీ ఒకటి ఉండాలి. తమకు అందిన టైర్లలో అది మరీ పలుచగా ఉన్నదని, కొన్నిటిలో అసలే లేదని ఆ సంస్థ ప్రభుత్వానికి నివేదించింది. అంతకు ముందు సంవత్సరం ఆగస్టులో పెన్సిల్వేనియాలో ఆ టైర్లున్న వ్యాను ప్రమాదానికి లోనై ఇద్దరు మరణించారు. అనుమానం మొదట సుమారు నాలుగున్నర లక్షల టైర్ల మీద పడింది. తరువాత ఆ సంఖ్య రెండున్నర లక్షలకు కొంచెం పైగా తేలింది. కర్మాగారం ఆరోపణను నిరాకరించింది. దిగుమతి సంస్థ వాటన్నిటినీ వెనక్కి తీసుకొనే ఆర్థిక స్తోమతు తనకు లేదని వాపోయింది.

ఈ చివరి మాటే ఈ కథలో అసలు విషయం. సరుకును చౌకగా తెప్పించగలిగినవాడికి ఆ సరుకు చెడితే బాధ్యత వహించగల శక్తి లేదు. తయారు చేసినవాడు సముద్రానికి ఆవల ఉన్నాడు. కొనుగోలుదారుడు వ్యాను నడుపుతున్నాడు. చైనా సరుకు మీద ప్రపంచమంతటా ఉన్న అపనమ్మకంలో ఎక్కువ పాలు ఈ దూరం నుండే పుట్టింది.

అయితే ఈ నేరాన్ని ఒక జాతికి అంటగట్టడం సత్యదూరం. 2000 ఆగస్టులో అమెరికాలోనే, సుప్రసిద్ధమైన ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ట్రెడ్డు ఊడిపోయి జరిగిన ప్రమాదాలలో 271 మరణాలను ఆ దేశపు భద్రతాధికారులు ఆ టైర్లతో ముడిపెట్టారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకటూర్ కర్మాగారపు టైర్లపై ప్రత్యేకంగా వేలెత్తి చూపడం జరిగింది. 2011 మార్చి 15న, వినియోగదారుల హక్కుల దినాన, చైనా ప్రభుత్వ టెలివిజన్ ఒక కార్యక్రమంలో ఒక విదేశీ టైరు కంపెనీ గుట్టును బయటపెట్టింది. తియాన్‌జిన్‌లోని దక్షిణ కొరియా కంపెనీ కుమ్హో కర్మాగారంలో వాడి మిగిలిన రబ్బరును నిర్ణీత పాళ్ళకు మించి కొత్త మిశ్రమంలో కలుపుతున్నారని ఆ కార్యక్రమం చూపింది. కంపెనీ మొదట కాదన్నది. కొద్ది రోజులకే టెలివిజన్‌లో క్షమాపణ చెప్పి 3 లక్షలకు పైగా టైర్లను వెనక్కి తీసుకున్నది. చైనా వినియోగదారుడు కూడా మన వినియోగదారుడు వేసే ప్రశ్నలే వేస్తున్నాడన్నమాట. టైర్లకు ఆ దేశంలో ‘3సి’ అనే తప్పనిసరి ధ్రువీకరణ కూడా ఉన్నది.

చైనాలో తయారయ్యే టైరు ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఒక్క సమాధానం లేకపోవడానికి కారణం సులభంగానే బోధపడుతుంది. ప్రపంచ ప్రసిద్ధ కంపెనీలు తమ మేలు రకాలను అక్కడి తమ కర్మాగారాలలో తయారు చేస్తున్నాయి. చైనా సొంత కంపెనీలు కొన్ని ఐరోపాలో కర్మాగారాలు నెలకొల్పేంతగా ఎదిగాయి. ఎవరి పేరూ ఎన్నడూ విననంత చిన్నవి కూడా అక్కడే ఉన్నాయి. కొనుగోలుదారుడు పది డాలర్లు తగ్గించమని అడిగితే, ఆ పది డాలర్లు ఎక్కడి నుండి తగ్గాయో అతడు అడగడు, కర్మాగారమూ చెప్పదు. తగ్గినది ఆ పలుచని పట్టీయే కావచ్చు.

బియ్యానికి రబ్బరు

చైనాకు రబ్బరు ఒక పీడకలగా ఉండిన కాలం ఒకటి ఉన్నది. కొరియా యుద్ధ సమయంలో, 1951లో, ఐక్యరాజ్యసమితి తీర్మానంతో యుద్ధోపయోగ వస్తువులను చైనాకు అమ్మడం నిషేధించారు. రబ్బరు అందులో చేరింది. అదే సమయంలో సింహళం, నేటి శ్రీలంక, బియ్యపు కొరతతో సతమతమవుతున్నది. కమ్యూనిస్టు ప్రభుత్వం కాదని, అమెరికా కోపగిస్తుందని తెలిసి కూడా కొలంబో ప్రభుత్వం 1952 డిసెంబరులో చైనాతో ఐదేళ్ళ ఒప్పందం చేసుకొన్నది. ఏటా 50,000 టన్నుల రబ్బరు ఇచ్చి 2,70,000 టన్నుల బియ్యం తీసుకోవడం దాని సారాంశం. రబ్బరుకు చైనా ప్రపంచ మార్కెట్టు కంటె హెచ్చు ధర చెల్లించింది. ఫలితంగా సింహళం అమెరికా సహాయాన్ని కోల్పోయింది. అయినా ఆ ఒప్పందం కాలపరిమితి తీరగానే పునరుద్ధరణ పొంది దశాబ్దాల పాటు సాగింది. దక్షిణాసియాలోని ఒక చిన్న దేశం తన ఆకలిని, తన పంటను ఎదురెదురుగా తూచి తీసుకొన్న ఈ నిర్ణయం చరిత్రలో తగినంతగా గుర్తింపు పొందలేదనే చెప్పాలి.

సింహళానికి ఆ రబ్బరు వచ్చిన తీరు కూడా విచిత్రమే. 1876లో బ్రెజిల్ అడవుల నుండి విత్తనాలను హెన్రీ విక్‌హామ్ లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలలో అధిక భాగం అదే ఏడు సింహళంలోని హెనరత్‌గొడ తోటకు వచ్చాయి. భారతదేశంలో వాణిజ్య సరళిలో మొదటి రబ్బరు తోట 1902లో కేరళలోని పెరియార్ ఒడ్డున తట్టెకాడ్ వద్ద వెలసింది. నేటికీ మన రబ్బరులో అత్యధిక భాగం కేరళదే. ఆ తరువాతి స్థానం దేశానికి మరో కొసన ఉన్న త్రిపురది. 1947 రబ్బరు చట్టం కింద ఏర్పడిన రబ్బరు బోర్డు కొట్టాయంలో ఉన్నది.

చైనా మాత్రం నిషేధపు పాఠాన్ని మరువలేదు. 1950 దశకంలోనే హైనాన్ ద్వీపంలోను, యునాన్ దక్షిణ కొసన ఉన్న షిషువాంగ్‌బన్నా ప్రాంతంలోను ప్రభుత్వ క్షేత్రాలలో రబ్బరు నాటించింది. రబ్బరు చెట్టుకు అనువైన మండలానికి అది ఉత్తరపు హద్దు. చలికి చెట్లు చచ్చినా తిరిగి నాటారు. నేడు ప్రపంచంలో పండే సహజ రబ్బరులో ఐదింట రెండు వంతులు ఒక్క చైనాయే వినియోగిస్తున్నది. తాను పండించేది అందులో కొద్ది భాగమే. మిగతాది థాయిలాండు మొదలైన దేశాల నుండి తెచ్చుకొని, టైరుగా మార్చి ప్రపంచానికి అమ్ముతున్నది.

పేరు మారడానికి పట్టే కాలం

‘చైనా మాల్’ అనే మాటకు నేడు ఉత్తరాదిన ఏ అర్థముందో, ఒకప్పుడు జపాన్ సరుకు అన్నదానికి ప్రపంచమంతటా అదే అర్థముండేది. చౌక, నాజూకు, నాలుగునాళ్ళ ముచ్చట. 1950లో అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ జపాన్ వెళ్ళి, తయారైన సరుకును చివర తనిఖీ చేసి ఏరిపారవేయడం కాదు, తయారీ ప్రతి దశలోను తేడాలను కొలిచి తగ్గించాలని అక్కడి ఇంజనీర్లకు బోధించాడు. మరుసటి ఏడు ఆయన పేరిట జపాన్‌లో ఒక బహుమానం ఏర్పడింది. దానిని పొందిన తొలి భారతీయ సంస్థ ఏదని విచారిస్తే, అది ఒక బ్రేకుల కర్మాగారమే: 1998లో మద్రాసు సమీపంలోని పాడిలో గల సుందరం-క్లేటన్ బ్రేకుల విభాగం. 2017లో సియట్ టైర్ల సంస్థకు కూడా ఈ బహుమానం లభించింది. మన లారీలు, బస్సుల కింద ఉండే ఈ రెండు వస్తువులలో భారతీయులు ప్రపంచ స్థాయిని అందుకొన్నారన్నది నిజం. అయితే ఆ కర్మాగారాల ద్వారం బయటనే, అదే పేరుతో అచ్చయిన పెట్టెలో నకిలీ లైనింగులు అమ్మే దుకాణాలు ఉన్నాయన్నదీ నిజమే. నకిలీకి చైనా వరకు పోనక్కరలేదు.

ధర, సుంకం, ముద్ర

2000 తరువాతి దశాబ్దంలో మన జాతీయ రహదారులు మెరుగుపడి, లారీ, బస్సు యజమానులు నైలాన్ టైర్ల నుండి ఉక్కు రేడియల్ టైర్లకు మళ్ళసాగినప్పుడు దేశీయ ఉత్పత్తి ఆ గిరాకీకి చాలలేదు. ఆ ఖాళీలోకి చైనా రేడియల్ టైరు ప్రవేశించింది. ధర తక్కువ. రంగు, రూపు ఘనం. దేశీయ కంపెనీలు కొత్త కర్మాగారాలు స్థాపించి ఉత్పత్తి పెంచేసరికి చిన్న పట్టణాల టైరు దుకాణాలలో కూడా చైనా పేర్లు వేళ్ళూనుకొన్నాయి.

ఇక్కడ ఒక విషయాన్ని విడదీసి చూడాలి. 2017 సెప్టెంబరులో చైనా లారీ, బస్సు రేడియల్ టైర్ల మీద కేంద్ర ప్రభుత్వం డంపింగ్ నిరోధక సుంకం విధించింది. 2019లో అక్కడి ప్రభుత్వం ఇచ్చే రాయితీలకు ప్రతిగా మరొక సుంకం వేసింది. 2020 జూన్‌లో కొన్ని రకాల కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు ఉంటేనే అనుమతించే జాబితాలో చేర్చింది. ఇవేవీ ఆ టైర్లు నాసివని చెప్పే తీర్పులు కావు. స్వదేశంలో అమ్మే ధరకంటె తక్కువకు ఇక్కడ అమ్ముతున్నారా, అందువల్ల ఇక్కడి పరిశ్రమకు నష్టం కలిగిందా అన్నదే మొదటి సుంకం విచారించే ప్రశ్న. మేలైన టైరును నష్టానికి అమ్మినా అది డంపింగే. 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా చైనా కార్ల టైర్ల మీద 35 శాతం అదనపు సుంకం వేసినప్పుడు కూడా అక్కడి కార్మికుల ఉద్యోగాలే కారణం గాని నాణ్యత కాదు.

నాణ్యతను చూసే యంత్రాంగం వేరు. 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మన దేశంలో అమ్మే వాహన టైర్లకు, అవి ఏ దేశానివైనా, భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర ఉండాలి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఐ.ఎస్. 15627, కార్లకు 15633, లారీ, బస్సులకు 15636. విదేశీ కర్మాగారం కూడా ఈ సంస్థ నుండి లైసెన్సు పొందాలి. నిర్ణీత బరువు మోపి, డ్రమ్ము మీద నిర్ణీత గంటలు తిప్పి, లోపల పొరలు విడివడుతున్నాయా అని చూసే పరీక్షలు ఇందులో ఉంటాయి. 2022లో రవాణా మంత్రిత్వ శాఖ దొర్లుడు నిరోధం, తడి నేల మీద పట్టు, శబ్దం అనే మూడింటికి కూడా హద్దులను ప్రకటించింది. తడి నేల మీద పట్టు చట్టంలోకి ఎక్కడం ఆలస్యంగానైనా హర్షించదగినది.

ముద్ర ఒక కనీస హామీ మాత్రమే. అది టైరు ఎంతకాలం మన్నుతుందో చెప్పదు. ఒక టైరు 15,000 రూపాయలకు దొరికి 50,000 కిలోమీటర్లు నడిచిందనుకొందాం. మరొకటి 20,000 రూపాయలకు దొరికి 80,000 నడిచిందనుకొందాం. కిలోమీటరుకు మొదటిదానికి 30 పైసలు, రెండవదానికి 25 పైసలు. అంతేగాక మేలైన టైరు లోపలి కట్టుబడి చెక్కుచెదరకుండా ఉంటుంది గనుక కొత్త ట్రెడ్డు వేయించి మళ్ళీ నడపవచ్చు. నాసిదాని కట్టు రెండవ ట్రెడ్డును మోయలేదు. ఢిల్లీ, కాన్పూరుల ట్రక్కు అడ్డాలలో వినవచ్చే సామెత ఒకటి ఉన్నది: ‘మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్’. ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని అర్థం.

కాని ఈ లెక్క తెలియక చిన్న లారీ యజమాని చౌక టైరు కొంటున్నాడని భావించడం పొరపాటు. ఒకటి రెండు లారీలు మాత్రమే ఉన్న యజమానుల చేతిలోనే మన సరుకు రవాణాలో పెద్ద భాగం ఉన్నది. లారీకి వాయిదాలు కట్టాలి. బాడుగ సొమ్ము నెలల తరబడి బాకీ పడుతుంది. లోడు ఎక్కించుకొని బయలుదేరే ముందు టైరు చీలిపోతే, ఆనాడు చేతిలో ఉన్న 15,000తో ఏది వస్తే అదే అతడు కొనగలడు. కిలోమీటరుకు ఐదు పైసల ఆదా అనేది 20,000 ఉన్నవాడికి మాత్రమే లభించే సౌకర్యం. టైర్లకు కూడా లారీకి వలె సులభ వాయిదాలు, చిన్న యజమానుల సహకార సంఘాల ద్వారా టోకు కొనుగోలు వంటివి విస్తరిస్తే, ఎన్ని ప్రచార పత్రాలు పంచినా సాధ్యం కాని మార్పు వస్తుంది. నాసి సరుకును దేశంలోకి రప్పించేది కొనేవాని అజ్ఞానం కంటె అతని చేతిలోని రొక్కపు కొరతే.

చూడవలసినవి

టైరు పక్కగోడ ఒక గుర్తింపు పత్రం. దాని మీద నాలుగు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది 2322 అయితే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. దుకాణంలో ఎండ తగిలే చోట సంవత్సరాల తరబడి పడి ఉన్న టైరు, ఒక్క కిలోమీటరు నడవకపోయినా కొత్తది కాదు. మోయగల బరువును తెలిపే అంకె, వేగ పరిమితిని తెలిపే అక్షరం, ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని కింద లైసెన్సు సంఖ్య కూడా అక్కడే ఉంటాయి. ట్రెడ్డు గాళ్ళ అడుగున అక్కడక్కడ ఎత్తుగా చిన్న అడ్డుకట్టలు కనిపిస్తాయి. ట్రెడ్డు అరిగి వాటితో సమానమైనదంటే టైరు పని ముగిసినట్లే. కార్లు, లారీలకు ఈ హద్దు 1.6 మిల్లీమీటర్లు, ద్విచక్ర వాహనాలకు 0.8. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనదని, రెండంచులు అరిగితే గాలి తక్కువైనదని, ఒక్క అంచే అరిగితే చక్రాల అమరిక తప్పినదని గ్రహించవచ్చు.

బ్రేకు లైనింగు మీద ఇంత వివరం ఉండదు. కొత్తదానిలో చూడగలిగినది తక్కువ: పెట్టె మీద తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, దుకాణదారు ఇచ్చే రసీదు. రసీదు ఇవ్వనంటే ఆ సరుకు విషయంలో అతనికే నమ్మకం లేదని భావించాలి. విప్పిన పాత లైనింగు మాత్రం ఎన్నో విషయాలు చెబుతుంది. దాని ముఖం అద్దంలా నిగనిగలాడుతుంటే అది మితిమీరి వేడెక్కి పట్టు పోగొట్టుకొన్నది. ఒక కొన పలుచగా, ఒక కొన మందంగా ఉంటే షూ సరిగా కూర్చోలేదు. ముఖం మీద రివిట్ల తలలు మెరుస్తుంటే అది ఇప్పటికే డ్రమ్మును గీకుతున్నది. పగుళ్ళు, జిడ్డు మరకలు, కాలిన వాసన ఒక్కొక్కటి ఒక్కొక్క కారణాన్ని సూచిస్తాయి. అనుభవజ్ఞుడైన మెకానిక్కు దానిని పారవేయక ముందు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఆ చక్రాన్నే కాక దాని జత చక్రాన్ని కూడా విప్పించి, రెండింటికీ ఒకే తయారీ లైనింగు వేస్తాడు; లేకుంటే బ్రేకు వేసినప్పుడల్లా లారీ ఒక పక్కకు లాగుతుంది.